మనిషి లేని డ్రమ్స్, మంద్రస్థాయి గొంతు: ఒక చీకటి రాక్ పాట తయారీ డైరీ

పని ఏమిటంటే

ఇంగ్లండ్ రాక్ బృందం ది సిస్టర్స్ ఆఫ్ మెర్సీ 1982, 1983లో విడుదల చేసిన సింగిల్స్ (ఒకటి రెండు పాటల చిన్న రికార్డులు) నాకు ప్రాణం. వాటి ధ్వని ఎలా పుట్టిందో పొరలు విప్పి చూసి, ఆ పద్ధతిలోనే ఒక సొంత పాట కట్టడం ఈ ప్రాజెక్టు. వాళ్ల పాటలు తిరిగి వాయించే ఉద్దేశం లేదు. బాణీ మాది, సాహిత్యం మాది. సరంజామా మాత్రం వాళ్ల తొలి రోజుల సరంజామాయే: ఒక డ్రమ్ మెషీన్, ఒక బేస్ గిటార్, రెండు గిటార్లు, ఒక మంద్రస్థాయి గొంతు.

ఒక నియమం పెట్టుకున్నాం. కంప్యూటర్‌లో ఎన్ని ట్రాకులైనా (విడివిడిగా రికార్డు చేసే పొరలు) తెరవవచ్చు, మేము ఎనిమిది దాటం. డ్రమ్స్‌కు రెండు, బేస్‌కు ఒకటి, గిటార్లకు మూడు, గొంతుకు రెండు. చోటు తక్కువైతే ప్రతి వాయిద్యం తాను ఎందుకు ఉందో చెప్పుకోవలసి వస్తుంది. ఈ సంగీతంలో నాకు నచ్చే గుణం కూడా అదే.

ఈ బృందం గురించి మాట్లాడేవాళ్లు చాలామంది నల్ల కళ్లద్దాలు, వేదిక నిండా పొగ, గోథ్ (చీకటి వేషం, చీకటి సంగీతం) అన్న ముద్ర దగ్గర ఆగిపోతారు. గాయకుడు ఆండ్రూ ఎల్‌డ్రిచ్ ఆ ముద్రను ఎప్పుడూ ఒప్పుకోలేదు. తమది రాక్ బృందమనే అంటూ వచ్చాడు. వినే కొద్దీ అతని మాటే సరైనదనిపిస్తోంది. ఇందులోని చీకటికి కారణం వేషం కంటే అమరిక. ఏ వాయిద్యం ఏ స్థాయిలో ఉంది, ఏది కదులుతుంది, ఏది కదలదు అన్న నిర్ణయాల్లోంచే ఆ చీకటి వస్తుంది. ఇది నా నమ్మకం. చేసి చూస్తే గాని తేలదు.

యంత్రాన్ని సభ్యుడిగా చేర్చుకున్నవాళ్లు

పని మొదలుపెట్టే ముందు కాలక్రమాన్ని ఒక కాగితం మీద రాసుకున్నాను. ధ్వనిలో వచ్చిన ప్రతి మలుపు పక్కన బృందం జీవితంలో ఒక మలుపు కనిపిస్తుంది.

1980లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో గ్యారీ మార్క్స్, ఎల్‌డ్రిచ్ కలిసి బృందం మొదలుపెట్టారు. తొలి సింగిల్‌ను ఆ ఏడాదే తమ సొంత లేబుల్ మెర్సిఫుల్ రిలీజ్ మీద తెచ్చారు. అందులో డ్రమ్స్ వాయించింది ఎల్‌డ్రిచ్చే. తరువాత అతను గాయకుడిగా ముందుకు రావడంతో డ్రమ్స్ వెనుక కుర్చీ ఖాళీ అయింది. మరో మనిషిని వెతకకుండా అక్కడ ఒక యంత్రాన్ని పెట్టి, దానికి డాక్టర్ అవలాంచ్ అని పేరు పెట్టి, బృంద సభ్యుల్లో ఒకరిగా లెక్క వేశారు. మొదట వాడింది బాస్ కంపెనీ డీఆర్-55 అనే చిన్న పెట్టె. తరువాత రోలాండ్ టీఆర్-606, ఆ తరువాత ఒబర్‌హైమ్ డీఎంఎక్స్. పెట్టె మారినా పేరు మారలేదు. యంత్రం వచ్చిన నాటినుంచి నేటివరకు ఆ బృందంలో ఉన్నది ఇద్దరే, ఎల్‌డ్రిచ్, డాక్టర్ అవలాంచ్.

1981లో క్రెయిగ్ ఆడమ్స్ బేస్ గిటార్‌తో చేరాడు. రెండో గిటార్ బెన్ గన్‌ది. బెన్ గన్ చేరకముందే, బృందం తొలి ప్రదర్శన 1981 ఫిబ్రవరి 16న యార్క్ విశ్వవిద్యాలయంలో జరిగింది. 1982లో బీబీసీ రేడియో 1లో జాన్ పీల్ కార్యక్రమానికి ఒక సెషన్ చేశారు. ఆ ఏడాది చివర్లో వచ్చిన 'ఆలిస్' సింగిల్‌కు సైకడెలిక్ ఫర్స్ గిటారిస్టు జాన్ ఆష్టన్ నిర్మాతగా సాయపడ్డాడు. మేము పట్టుకోవాలనుకుంటున్న ధ్వని అక్కడినుంచి 1983 చివరివరకు సాగినది. ఆ పరిధి దాటకూడదని కూడా కాగితం మీదే రాసుకున్నాను.

పదహారు గడులు

ముందు డ్రమ్స్. పాత యంత్రం చేతికందే వస్తువు కాదు. దాని పనితీరును అనుకరించే సాఫ్ట్‌వేర్ ఉన్నా, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (గరగరమనే చిన్న డ్రమ్) శబ్దాలను నేనే తయారు చేసుకున్నాను. తయారు చేస్తే దాని స్వభావం తెలుస్తుంది.

అప్పటి అనలాగ్ పెట్టెల్లో రికార్డు చేసిన డ్రమ్ శబ్దం ఏదీ ఉండదు. కిక్ అంటే ఒక సర్క్యూట్‌కు చిన్న తాకిడి ఇస్తే అది కాసేపు మోగి ఆరిపోవడం. సైన్ తరంగాన్ని 60 హెర్ట్జ్ (సెకనుకు 60 కంపనాలు) దగ్గర పెట్టాను. మొదటి 30 మిల్లీసెకన్లలో అది పైనుంచి కిందికి జారేలా చేసి, మొత్తం పొడవు 150 మిల్లీసెకన్లు మించకుండా కత్తిరించాను. స్నేర్ అంటే రెండు చిన్న మోతల మీద ఒక గరగర. హై-హ్యాట్ (జంట తాళాలు) తయారీ ఆసక్తికరం. టీఆర్-606లో ఆరు చదరపు తరంగాలను ఒకదానికొకటి పొసగని శ్రుతుల్లో కలిపి, కింది భాగాన్ని వడపోసి తీసేస్తారు. మిగిలేది లోహపు చప్పుడు. అసలైన తాళాల మోతకు అది దూరం. కానీ చెవికి గుచ్చుకునే ఆ పొడి చప్పుడు లేకపోతే ఈ ధ్వని పలకదు.

606 ముందుభాగంలో ఒక్కో శబ్దానికి స్థాయి మీట తప్ప శ్రుతి మార్చే మీట లేదు. లయను వూగించే సదుపాయం లేదు. గట్టిగా, మెల్లగా అనే తేడాకు అన్ని వాయిద్యాలకూ కలిపి ఒక్కటే యాక్సెంట్ వరుస. ఆ పరిమితులనే పాటించాను. ఒక చుట్టును (బార్) పదహారు సమాన గడులుగా చీల్చిన వరుసలో 1, 9, 11 గడుల్లో కిక్. 5, 13లో స్నేర్. బేసి గడులన్నింటిలో హై-హ్యాట్. 1, 13లో యాక్సెంట్. వేగం నిమిషానికి 150 బీట్లు. ఈ వేగంలో ఒక్కో గడి నిడివి సరిగ్గా 100 మిల్లీసెకన్లు. ముందుముందు ఎకో లెక్కలకు ఇది ఎంతో కలిసివచ్చింది.

పాట మొత్తానికి వరుసలు మూడే. ఒకటి పైది. రెండోది స్నేర్ అదనంగా పడే మలుపు. మూడోది హై-హ్యాట్ లేని ఖాళీ వరుస. మనిషి డ్రమ్మరైతే ప్రతి నాలుగు చుట్లకు ఏదో ఒక అలంకారం వేస్తాడు, అది అతని ధర్మం. యంత్రం వేయదు. దానితో పాట ఎదుగుదల బాధ్యత మొత్తం బేస్ మీద, గిటార్ల మీద పడుతుంది.

యంత్రాన్ని వూగించి చూశాం

ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో యంత్రపు వాయింపును మనిషి వాయింపులా మార్చే మీట ఉంటుంది. ఒక్కో దెబ్బను కొన్ని మిల్లీసెకన్లు ముందుకో వెనక్కో జరిపి, బిగువు కొంచెం సడలిస్తుంది. ఈ పాటకు అది అక్కర్లేదని అనుకుంటున్నా, పోల్చి వినాలనుకున్నాం. ఒకే బేస్ ట్రాకు కింద రెండు రకాల డ్రమ్స్ పెట్టి, ఏది ఏదో చూపకుండా బేస్ వాయించే మిత్రుడికి వినిపించాను.

"మొదటిది సుఖంగా ఉంది. రెండోదానిలో నేను ఎవరితోనో పోట్లాడుతున్నట్టున్నాను," అన్నాడు. "రెండోదే ఉంచు."

రెండోది కదలని యంత్రం. తరంగాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పోట్లాట కంటికి కూడా కనిపించింది. పల్లవి దగ్గర అతని చేయి యంత్రం కంటే సుమారు 10 మిల్లీసెకన్లు ముందుంటోంది, చరణంలో అంతే వెనక్కి తగ్గుతోంది. డ్రమ్మర్ మనిషైతే అతనికి సర్దుకునేవాడు, ఇద్దరూ కలిసి వేగం పెంచుకునేవారు. యంత్రం సర్దుకోదు. మనిషి దాన్ని నెట్టి, విఫలమై, తిరిగి దాని దగ్గరికే వస్తాడు. ఆ నెట్టుడు ఆగకుండా సాగుతుంటే వినేవాడికి గుండెల్లో ఒక బిగువు నిలిచిపోతుంది. ఈ పాటల్లో చీకటి అని మనం పిలిచేదానిలో సగం ఇదేనని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది.

లీడ్స్‌లోని ఆ బృందానికి యంత్రం అవసరం కొద్దీ వచ్చింది. అవసరం తీరాక కూడా మనిషిని తెచ్చుకోకపోవడం మాత్రం వాళ్లు తెలిసి చేసిన నిర్ణయం. అదే తమ ధ్వని అని గుర్తించిన చెవి వాళ్లది. ఆ చెవికి నేను నమస్కారం పెడతాను.

ఒక పని మాత్రం చేశాం. డ్రమ్స్‌ను నేరుగా కంప్యూటర్‌లో వదిలేయకుండా, ఒక చిన్న స్పీకరు ద్వారా ఖాళీ గదిలో మోగించి, నాలుగడుగుల దూరంలో మైకు పెట్టి తిరిగి రికార్డు చేశాం. కదలిక యంత్రానిదే, గాలి మాత్రం గదిది. నేరుగా తీసినదాన్ని మొదటి ట్రాకుగా, గదిలో తీసినదాన్ని రెండో ట్రాకుగా ఉంచాను.

బేస్

క్రెయిగ్ ఆడమ్స్ బేస్‌ను జాగ్రత్తగా వింటే అది అడుగున దాక్కునే బేస్ కాదని తెలుస్తుంది. గరుకుగా, బిర్రుగా, చుట్టులో ఎనిమిదో వంతు నిడివి ఉన్న స్వరాలతో ముందుకు తోసుకొస్తుంది. పాట గుర్తుండేది చాలాసార్లు ఆ వరుస వల్లే. మా మిత్రుడు వేళ్లతో వాయించే మనిషి. ఈ పాటకు పిక్ (తంతిని మీటే చిన్న బిళ్ల) తీసుకున్నాడు. అన్ని స్వరాలూ కిందికి కొట్టడమే, పైకి తిప్పడం లేదు. 150 వేగంలో అలా వాయిస్తే చేయి నొప్పి పుడుతుంది, కానీ ప్రతి స్వరానికీ ఒకే బరువు వస్తుంది.

తంతిలోంచి వచ్చిన సంకేతాన్ని రెండుగా చీల్చాం. 150 హెర్ట్జ్‌కు కింది భాగం ఏ అలంకారం లేకుండా శుభ్రంగా వెళుతుంది. పై భాగానికి కొంచెం డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకు చేయడం), దాని తరువాత కోరస్. కోరస్ అంటే అదే శబ్దపు నకలును కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా చేర్చి, ఆ ఆలస్యాన్ని నెమ్మదిగా పెంచుతూ తగ్గిస్తూ ఉండటం. శ్రుతి అటూ ఇటూ అలలాడి, ఒక తంతి రెండు తంతుల్లా వినిపిస్తుంది. కింది భాగానికీ కోరస్ వేస్తే 55 హెర్ట్జ్ దగ్గర స్వరం కాసేపు బలంగా, కాసేపు బలహీనంగా వచ్చి కిక్‌తో కలవదు. చీల్చి వేయడం వల్ల కింద స్థిరత్వం, పైన అల రెండూ దక్కాయి. తిరిగి రెండింటినీ కలిపి ఒకే ట్రాకులో దింపేశాం, నియమం నియమమే.

గొంతు ముందు, గిటార్లు తరువాత

మామూలుగా గిటార్లు అయ్యాక గొంతు రికార్డు చేస్తారు. మేము తలకిందులు చేశాం. కారణం స్థాయిల లెక్క.

పాట ఎ మైనర్ అనే స్వరక్రమంలో ఉంది. పాడేది మా పెదనాన్నగారి అబ్బాయి, నేను అన్నయ్య అంటాను. అతని గొంతు హాయిగా నిలిచేది 110 హెర్ట్జ్ దగ్గర. గిటార్ ఐదో తంతిని విడిగా మీటితే వచ్చేదీ 110 హెర్ట్జే. బేస్ గిటార్ నాలుగు తంతుల్లో అన్నిటికంటే సన్ననిది 98 హెర్ట్జ్. అంటే మంద్రస్థాయి గాయకుడు ఉన్న పాటలో గొంతు, బేస్ పై భాగం, గిటార్ కింది భాగం మూడూ ఒకే గదిలో ఇరుక్కుంటాయి. గొంతు పైస్థాయిలో ఉండే రాక్ బృందాలకు ఈ చిక్కు రాదు. గిటార్లు నిండుగా కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) కొట్టినా గాయకుడు వాటి పైనుంచి వినిపిస్తాడు. ఎల్‌డ్రిచ్ లాంటి గొంతుకు అది కుదరదు. కాబట్టి గిటార్లు పైకి ఎక్కాలి. తొలి సింగిల్స్‌లో గిటార్లు నిండు కార్డులు వదిలి, పై తంతుల మీద ఒంటరి స్వరాల వరుసలుగా సాగడానికి ఇంతకంటే సూటి కారణం నాకు కనిపించలేదు. గొంతే గిటార్లను పైకి తరిమింది.

అన్నయ్యకు ఈ లెక్క చెబితే, "అయితే నేను నిండుగా పాడనక్కర్లేదు కదా, పక్కనున్నవాడికి చెప్పినట్టు పాడతాను," అన్నాడు. సరిగ్గా అదే కావాలి. మైకుకు మరీ దగ్గరగా పాడితే దగ్గరితనం వల్లే మంద్రం ఉబ్బిపోతుంది. జానెడు దూరం పెట్టి, 80 హెర్ట్జ్ కింద కత్తిరించి, 3 కిలోహెర్ట్జ్ చుట్టూ కొంచెం పెంచాం. హల్లులు తేటగా వినిపించాయి. రెండో గొంతు ట్రాకు అదే సాహిత్యం గుసగుసలో, పల్లవికి మాత్రమే.

సాహిత్యం గురించి ఒక మాట చెప్పాలి, ఈ పనిలో నాకు ఎక్కువ ఆనందం ఇచ్చిన భాగం అదే. తెలుగు అజంత భాష. పదం చివర అచ్చు సాగుతుంది. కరకుగా తెగిపడే యంత్రపు లయ మీద ఆ సాగుడు వేలాడుతుందని మొదట అందరం అనుమానపడ్డాం. మాత్రల లెక్కకు వెళ్లాక దారి దొరికింది. 150 వేగంలో ఎనిమిదో వంతు స్వరం 200 మిల్లీసెకన్లు, దాన్ని లఘువు అనుకుంటే పావు స్వరం గురువు. ఒక చుట్టుకు ఎనిమిది మాత్రలు. ముత్యాల సరం నడకలో మూడూ నాలుగూ మాత్రలు జంటగా వస్తాయి కాబట్టి ఇక్కడ కూర్చోదు. నాలుగేసి మాత్రల చతురస్ర గతి అచ్చంగా సరిపోతుంది. స్నేర్ పడే చోట ద్విత్వాక్షరం లేదా సంయుక్తాక్షరం వచ్చేలా పంక్తులు కట్టాను. హల్లు జంట స్నేర్‌తో కలిసి పగులుతుంది. పంక్తి చివరి అచ్చును ఎవరూ కత్తిరించలేదు, అది రివర్బ్ (గది ప్రతిధ్వని)లోకి వెళ్లి తరువాతి కిక్ వచ్చేదాకా నిలుస్తుంది. భాషకూ యంత్రానికీ ఇక్కడ పొత్తు కుదిరింది.

ఇక గిటార్లు. మొదటి గిటార్ మూడో తంతి మీద వరుస వాయిస్తుంటే, మొదటి రెండు తంతులు విడిగా మోగుతూనే ఉంటాయి. ఆ రెండూ ఇ, బి స్వరాలు, 330, 247 హెర్ట్జ్ దగ్గరివి. ఎ మైనర్ మీద అవి పూర్తిగా స్థిరపడవు, పూర్తిగా విడిపోవు. తంబురాలా నిలిచి మోగే ఆ రెండు స్వరాల కింద వరుస కదులుతుంటే పాటకు ఒక విచారం వచ్చింది, మరే అలంకారమూ అవసరం లేకుండా. రెండో గిటార్ చరణాల్లో అసలు ఉండదు. పల్లవిలో డిస్టార్షన్‌తో ఒకే స్వరాన్ని పట్టుకుని నిలబడుతుంది. గిటార్లు రెండింటినీ 200 హెర్ట్జ్ కింద పూర్తిగా కత్తిరించాను. మూడో గిటార్ ట్రాకు పాట చివరి భాగానికి దాచి ఉంచాను.

ఎకో లెక్క

ఇది చిన్న నమోదు. 150 బీట్ల వేగంలో పావు స్వరం 400 మిల్లీసెకన్లు, ఎనిమిదో వంతు 200, చుక్క పెట్టిన ఎనిమిదో వంతు 300. మొదటి గిటార్‌కు 300 పెట్టాను. వాయించిన స్వరాల మధ్య ఖాళీల్లో ఎకో పడి, ఒక చేత్తో వాయించినది రెండు చేతుల పనిలా వినిపిస్తుంది. గొంతుకు 400, అదీ పంక్తి చివర మాత్రమే. ఎకో తిరిగి వచ్చిన ప్రతిసారీ పై భాగం కొంచెం మసకబారేలా వడపోత పెట్టాను, పాత టేపు ఎకో యంత్రాల్లో జరిగినట్టు. రివర్బ్‌లోకి 300 హెర్ట్జ్ కింది భాగాన్ని పంపడం లేదు. మంద్రం రివర్బ్‌లో పడితే పాటంతా బురద అవుతుంది.

సొంత లేబుల్ ధ్వనిలో ఎక్కడ ఉంటుంది?

మిక్సింగ్‌కు ముందు చెవికి విశ్రాంతి ఇవ్వాలని కొన్నాళ్లు ఆపాం. ఆ విరామంలో బృందం ప్రయాణాన్ని 1983 తరువాతి వైపుకు చదివాను, విన్నాను.

బ్రిటన్‌లో ఇండీ చార్టు 1980 జనవరిలో మొదలైంది. అందులోకి రావడానికి షరతు సంగీత శైలి గురించి కాదు, పంపిణీ గురించి. పెద్ద కంపెనీల పంపిణీ వ్యవస్థ ద్వారా కాకుండా దుకాణాలకు చేరిన రికార్డులకే అందులో చోటు. అందువల్ల స్వతంత్ర బృందం అనే మాటకు ఆ రోజుల్లో లెక్కల్లో చూపించగల అర్థం ఉండేది. మెర్సిఫుల్ రిలీజ్ సింగిల్స్, ఈపీలు (సింగిల్ కంటే పెద్దవి, ఆల్బమ్ కంటే చిన్నవి) అలా పెరిగాయి. 1983లోనే 'ది రెప్టైల్ హౌస్' ఈపీ, 'టెంపుల్ ఆఫ్ లవ్' సింగిల్ వచ్చాయి. ఒకటి నెమ్మదిగా, బరువుగా నడుస్తుంది, మరొకటి పరుగెత్తుతుంది. ఒకే ఏడాదిలో అంత దూరమైన రెండు పనులు చేయడానికి ఎవరి అనుమతీ అడగనవసరం లేని లేబుల్ కావాలి. సొంత లేబుల్ ధ్వనిలో వినిపించేది ఇక్కడే అని నేను అనుకుంటాను.

1983 చివర్లో బెన్ గన్ స్థానంలో వేన్ హస్సీ వచ్చాడు. అతని పన్నెండు తంతుల గిటార్‌తో ధ్వని వెడల్పయింది. మెర్సిఫుల్ రిలీజ్ పేరు నిలిచింది, కానీ పంపిణీ డబ్ల్యూఈఏ అనే పెద్ద రికార్డు కంపెనీ చేతికి వెళ్లింది. తొలి ఆల్బమ్ 'ఫస్ట్ అండ్ లాస్ట్ అండ్ ఆల్వేస్' 1985 మార్చిలో వచ్చి బ్రిటన్ చార్టులో 14వ స్థానం చేరింది. నిర్మాత డేవ్ అలెన్. కొద్ది వారాలకే గ్యారీ మార్క్స్ వెళ్లిపోయాడు. 1985 జూన్ 18న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ ప్రదర్శనతో ఆ కూర్పు ముగిసింది. హస్సీ, ఆడమ్స్ బయటికి వచ్చి ది మిషన్ పెట్టుకున్నారు.

1987 నాటి రెండో ఆల్బమ్ 'ఫ్లడ్‌ల్యాండ్'లో ఎల్‌డ్రిచ్ పక్కన బేసిస్టు ప్యాట్రీషియా మారిసన్ ఉంది. జిమ్ స్టైన్‌మన్ నిర్మించిన 'దిస్ కొరోజన్' ఆల్బమ్‌లో దాదాపు 11 నిమిషాలు సాగుతుంది, అందులో బృందగానం ఒక కోటంత ఎత్తు లేస్తుంది. సింగిల్‌గా 7వ స్థానం చేరింది. 1990లో 'విజన్ థింగ్'. ఆ తరువాత స్టూడియో ఆల్బమ్ లేదు. రికార్డు కంపెనీతో వివాదం ఏళ్లపాటు నడిచింది. బృందం మాత్రం ప్రదర్శనలు ఆపలేదు, రికార్డు కాని కొత్త పాటలను వేదికల మీదే వినిపిస్తోంది.

'ఫ్లడ్‌ల్యాండ్' గొప్ప పని, నేను కాదనను. ఆ పెద్ద ధ్వనుల కింద కూడా డాక్టర్ అవలాంచ్ కదలకుండా నిలబడి ఉంది. అయినా నా మనసు 1982 వైపే మొగ్గుతుంది. అక్కడ నాలుగు శబ్దాలు ఉంటాయి, నాలుగూ వినిపిస్తాయి. ఖరీదైన స్టూడియో చోటును సృష్టించగలదు. చోటు లేని దగ్గర మనుషులు చేసుకున్న సర్దుబాటును మాత్రం సృష్టించలేదు.

మిక్సింగ్

మొదటి నియమం: మొత్తం మిక్సింగ్ మోనోలో, అంటే అన్ని శబ్దాలూ కలిసి ఒకే స్పీకరులో. కోరస్, ఎకో స్టీరియోలో ఎంతో అందంగా పరుచుకుంటాయి, అదే వాటి ప్రమాదం. రెండు వైపులనూ కలిపితే కొన్ని భాగాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఒకే స్పీకరు మీద నిలబడిన పాట రెండిటి మీద తప్పకుండా నిలబడుతుంది. మోనోలో సరిపోయాక మొదటి గిటార్‌ను ఎడమకు, దాని ఎకోను కుడికి పంపాను. మిగతావన్నీ నడుమనే.

స్థాయిల వరుసలో బేస్ ముందు, తరువాత స్నేర్, తరువాత గొంతు. గొంతును అందరికంటే పైన పెట్టాలని అన్నయ్య స్నేహితులు ఇద్దరు సలహా ఇచ్చారు. పెట్టి విన్నాం. మాటలు తేటపడ్డాయి, పాట చిన్నదైపోయింది. గాయకుడు లయ లోపలినుంచి మాట్లాడుతున్నట్టు ఉంటేనే వినేవాడు ముందుకు వంగి వింటాడు. మూడు డెసిబెల్స్ తగ్గించి, బేస్ పై భాగంలో 900 హెర్ట్జ్ దగ్గర కొంచెం తీసేశాం. ఇప్పుడు గొంతు కిందే ఉంది, ప్రతి పదమూ వినిపిస్తోంది.

గదిలో తీసిన డ్రమ్ ట్రాకు చరణంలో చాలా మెల్లగా ఉంటుంది, పల్లవికి కొద్దికొద్దిగా పెరుగుతుంది. యంత్రం వాయించేది అదే, గట్టితనమూ అదే, కానీ అది నిలబడిన గది పెద్దదవుతుంది. ఎదుగుదల చూపడానికి ఈ పద్ధతి డ్రమ్ వరుసలు మార్చడం కంటే ఎంతో బాగా పనిచేసింది. దాచి ఉంచిన మూడో గిటార్ ట్రాకును చివరి పల్లవిలో తీశాం. పన్నెండో మెట్టు దగ్గర ఒకే స్వరాన్ని వేగంగా మీటుతూ, ఎకో నిండా. అది ప్రవేశించిన క్షణంలో ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ భాగంలో ఇక ఏదీ ముట్టుకోవద్దని అక్కడే తీర్మానించుకున్నాం.

పాట నిడివి 4 నిమిషాల 20 సెకన్లు. మాస్టరింగ్‌లో (విడుదలకు ముందు చివరి మెరుగు) శబ్ద స్థాయిని మరీ పెంచడం లేదు. స్నేర్ దెబ్బకూ దాని ముందున్న నిశ్శబ్దానికీ మధ్య తేడాయే ఈ లయకు ప్రాణం. దాన్ని నొక్కేస్తే యంత్రం మొద్దుబారుతుంది.

తరువాతి పని

రెండో పాట వరుసలు రాయడం మొదలైంది. ఈసారి నెమ్మది నడక, నిమిషానికి 80 బీట్లు. పావు స్వరం 750 మిల్లీసెకన్లకు పెరుగుతుంది, ఎకో లెక్కలన్నీ మారతాయి. రెండు స్నేర్ దెబ్బల మధ్య ఒకటిన్నర సెకను ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో బేస్ ఏం చేయాలన్నదే ఇప్పుడు మా ముందున్న ప్రశ్న. ఎనిమిదో వంతు స్వరాలు ఈ వేగంలో పలచబడతాయి, పదహారో వంతులు వేస్తే నెమ్మదితనం పోతుంది. ఒకే స్వరాన్ని పూర్తి చుట్టు సాగనిచ్చి, దాని కింద డిస్టార్షన్ మాత్రమే నెమ్మదిగా పెరిగేలా చేద్దామని మిత్రుడు అంటున్నాడు. అందుకు తంతి ఎక్కువసేపు మోగాలి, పాత తంతులు మార్చాలి. కొత్తవి వేశాక ముందుగా ఆ ఒక్క స్వరాన్నే రికార్డు చేసి చూస్తాం.